బందరు బాట మీద పొగాకు చట్టాలు

పొగాకు మీద ఆంక్ష ఆ మొక్కంత పాతది. అది ఈ దేశంలో వేళ్లూనుకుంటున్న రోజుల్లోనే, 1617లో, మొఘల్ చక్రవర్తి జహంగీర్ పొగ తాగరాదని హుకుం జారీ చేశాడు. ఆ హుకుం దక్కనుకు వర్తించేది కాదు. గోల్కొండ అప్పటికి కుతుబ్‌షాహీల స్వతంత్ర రాజ్యం. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మచిలీపట్నంలోని ఇంగ్లీషు కోఠీలో పనిచేసిన విలియం మెత్‌వోల్డ్, గోల్కొండ రాజ్యం గురించి రాసిన వివరాల్లో పొగాకును అక్కడి సరుకుల్లో ఒకటిగా చేర్చాడు. గోల్కొండ నుంచి బందరు రేవుకు వెళ్లే దారి నల్లగొండ సీమ గుండా సాగేది. నేటి 65వ నంబరు జాతీయ రహదారి దాదాపు ఆ దిశలోనే నడుస్తుంది. సూర్యాపేట, కోదాడ దాని మీదే ఉన్నాయి. దక్షిణాన మిర్యాలగూడ మీదుగా పోయే మరో దారి వాడపల్లి వద్ద కృష్ణ దాటి పల్నాడులో అడుగుపెడుతుంది. పొగాకు చట్టాల కథను ఈ మూడు ఊళ్ల నుంచి చూస్తే, హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో కనబడని సంగతులు కొన్ని తెలుస్తాయి.

మొదటిది సరిహద్దు. ఈ ప్రాంతానికి సరిహద్దు 2014లో కొత్తగా వచ్చింది కాదు. నిజాం కాలంలో సూర్యాపేట, కోదాడల నడుమ ఉన్న మునగాల పరగణా చుట్టూ హైదరాబాదు రాజ్యమే ఉన్నా, అది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందేది.  ఎడ్లబండి మీద కొద్ది దూరం పోయేసరికి ఒక ప్రభుత్వం పోయి మరో ప్రభుత్వం వచ్చేది. 1959లో మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా ఈ బాట ఒకే రాష్ట్రంలో నడిచింది. రాష్ట్రం విడిపోయాక సరిహద్దు కోదాడ అవతల రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర, వాడపల్లి వంతెన దగ్గర మళ్లీ మొలిచింది.

రెండోది, ఎవరు ఏది తాగుతారన్నది. హైదరాబాదులో వజీర్ సుల్తాన్ 1916లో పెట్టిన పొగాకు వ్యాపారమే తర్వాత వీఎస్టీగా పెరిగి, చార్మినార్ సిగరెట్‌ను పేటపేటకూ చేర్చింది. అయినా రైతుకు చుట్ట, కూలీకి బీడీ, ఉద్యోగికి సిగరెట్ అన్న వరస చాలాకాలం చెక్కుచెదరలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడ రైసు మిల్లుల పట్టణమైంది. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు పెరిగారు. తర్వాత బీహారు నుంచి వలస కూలీలూ వచ్చారు. చేతులు ఖాళీ లేని పనిలో బీడీ ముట్టించడం కుదరదు. ఊకా, గోనెసంచులూ ఉన్న చోట నిప్పు పనికిరాదు కూడా. దవడన పెట్టుకునే ఖైనీ, అంబర్, ఆ తర్వాత గుట్కా పనికి అడ్డురావు, ఆకలినీ కాసేపు మరిపిస్తాయి. దీన్ని వ్యసనం అని మాత్రమే పిలిస్తే సగమే చెప్పినట్టు.

చట్టం మాత్రం మొదటి నుంచీ సిగరెట్‌నే చూసింది. పొగాకు హాని గురించిన తొలి గట్టి రుజువుల్లో కొన్ని తెలుగు నేల మీద, అందులోనూ చుట్ట తాగేవాళ్ల నోళ్లలోనే దొరికాయి. 1960ల చివర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి వేలమంది నోళ్లు పరీక్షించారు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని విశాఖ వైద్యులు అప్పటికే గుర్తించి ఉన్నారు. అడ్డపొగ తాగేవాళ్లలో ఎక్కువమంది పేద ఆడవాళ్లు. ఇంత తెలిసి కూడా 1975లో పార్లమెంటు చేసిన తొలి జాతీయ చట్టం సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక వేయించడంతో ఆగింది. చుట్ట, బీడీ, నమిలే పొగాకు దాని పరిధిలోకి రాలేదు. అదే 1975లో అదే పార్లమెంటు పొగాకు బోర్డు చట్టమూ చేసింది. వర్జీనియా పొగాకు సాగునూ ఎగుమతినీ పెంచడానికి 1976 జనవరిలో గుంటూరు కేంద్రంగా బోర్డు మొదలైంది. ఒకే ఏడాది ప్రభుత్వం ఒక చేత్తో పొగాకును పెంచి, రెండో చేత్తో పెట్టె మీద ఒక వాక్యం రాసింది.

తర్వాతి పాతికేళ్లలో పెద్ద కదలిక లేదు. 2001 నవంబరులో సుప్రీం కోర్టు మురళీ దేవరా కేసులో బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2003లో వచ్చిన చట్టం, వాడుకలో కోట్పా, అన్ని రకాల పొగాకునూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ప్రకటనలు నిషిద్ధం. పద్దెనిమిదేళ్లు నిండనివారికీ, విద్యాసంస్థలకు వంద గజాల లోపూ అమ్మరాదు. బహిరంగంగా తాగితే రెండు వందల రూపాయల వరకు జరిమానా. కొత్త నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చాయి. బస్సులో, రైల్లో, సినిమా హాల్లో పొగ తగ్గిందంటే ఈ చట్టం చలవే. ఆ కాలపు సినిమా హాళ్లలోని పొగాకు వ్యతిరేక ప్రకటనలు జనం నోళ్లలో ఎంతగా నానాయంటే, వాటిలో ఒక వాక్యాన్నే పేరుగా పెట్టుకుని 2018లో ‘ఈ నగరానికి ఏమైంది?’ అనే తెలుగు సినిమా వచ్చింది.

వంద గజాల నియమం చిన్న పట్టణాల్లో తేలిపోయింది. బడి, జూనియర్ కాలేజీ, కోచింగు సెంటరు, కిరాణం, పాన్‌డబ్బా అన్నీ ఒకే బజారులో ఉండే చోట టేపు పట్టుకుని కొలిచేవాళ్లు లేరు. కొలిస్తే బజారులో సగం ఖాళీ చేయాలి. ఇక రెండు వందల జరిమానా ఉద్యోగికి విసుగు మాత్రమే, హమాలీకి ఒక పూట కూలి.

చట్టంలో పేదవాడి పొగాకు మీద అసలు గొడవ బొమ్మ దగ్గర వచ్చింది. పొగాకు ప్యాకెట్ల మీద పుర్రె, ఎముకల గుర్తు ఉండాలని 2006 నాటి నిబంధనలు చెప్పాయి. బీడీ పరిశ్రమ భగ్గుమంది. ‘పుర్రె గుర్తు’ అన్న మాట నిజామాబాదు, కరీంనగరు జిల్లాల్లో ఉద్యమ నినాదమైంది. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టే పని అక్కడ లక్షల మంది ఆడవాళ్ల ఇంటి పని. బీడీ అమ్మకం పడిపోతే మొదట పని పోయేది వాళ్లకే. ఠేకేదారుకు ఇంకో వ్యాపారం దొరుకుతుంది. 2007లో చట్టాన్ని సవరించి పుర్రె తప్పనిసరి కాకుండా చేశారు. చివరకు 2009 మే 31న బొమ్మల హెచ్చరికలు మొదలయ్యాయి. నమిలే పొగాకు మీద వేసిన మొదటి బొమ్మ తేలు. క్యాన్సర్‌కూ తేలుకూ సంబంధమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. ప్యాకెట్‌లో 85 శాతం బొమ్మకే కేటాయించాలన్న నియమం 2016 ఏప్రిల్ 1న వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి మానుకోవాలనుకునేవారు పిలవాల్సిన 1800-11-2356 నంబరునూ దాని మీద అచ్చు వేస్తున్నారు. చిక్కల్లా పాన్‌డబ్బా దగ్గర సిగరెట్ విడిగా అమ్ముడవడమే. పెట్టె దుకాణదారు దగ్గరే ఉంటుంది, బొమ్మా నంబరూ ఆయనకే కనబడతాయి. విడి అమ్మకాన్ని కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి కానీ జేబులో పెట్టె డబ్బులు లేనివాడు కొనేది విడి సిగరెట్టే. అంటే హెచ్చరిక అందాల్సినవాడికి అందడం లేదు.

గుట్కా వ్యవహారం మరీ మెలికలు తిరిగింది. ఆహార కల్తీ నిరోధక చట్టం కింద రాష్ట్రాలు పెట్టిన నిషేధాలు చెల్లవని సుప్రీం కోర్టు 2004లో గోదావత్ పాన్ మసాలా కేసులో తేల్చింది. 2011లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనలు తిండి పదార్థంలో పొగాకు, నికోటిన్ కలపరాదన్నాయి. 2012లో మధ్యప్రదేశ్ మొదట నిషేధించగా, 2013 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. వ్యాపారులకు దారి వెతుక్కోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో పక్కపక్కనే వేలాడదీశారు. రెంటినీ అరచేతిలో కలిపితే మళ్లీ గుట్కాయే. ఈ జంట పొట్లాలనూ అడ్డుకోవాలని 2016 సెప్టెంబరులో సుప్రీం కోర్టు ఆదేశించింది.

ఈ నిషేధం బలహీనత దాని గడువులో ఉంది. ఆహార భద్రతా చట్టం ప్రకారం రాష్ట్ర కమిషనర్ ఒకసారికి ఏడాది మించి నిషేధించలేడు. కాబట్టి ప్రతి రాష్ట్రం తన నోటిఫికేషన్‌ను ఏటేటా తిరగరాయాలి. తెలంగాణ 2024 మే 24 నుంచి మరో ఏడాదికి అలాగే ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దు పట్టణాల్లో దీని ఫలితం రోడ్డు మీదే కనబడుతుంది. కర్ణాటక వైపు నుంచి వచ్చే సరుకు హైదరాబాదు దాటి సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ వైపు సాగుతుంది. కార్ల డిక్కీల్లో, డీసీఎం వ్యాన్లలో పట్టుబడ్డ బస్తాల వార్తలు జిల్లా పేజీల్లో తరచు వస్తుంటాయి. నిషేధం ధరను పెంచింది. ఆ పెరిగిన ధర చెల్లించేది మళ్లీ మిల్లు కూలీ, ఆటో డ్రైవరు.

పట్టుకున్నాక కేసు నిలబెట్టడం ఇంకో సమస్య. పోలీసులు సాధారణంగా భారత శిక్షా స్మృతి సెక్షన్లు పెట్టేవారు. 2018 ఆగస్టులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు, ఇలాంటి కేసుల్లో ప్రత్యేక చట్టమైన ఆహార భద్రతా చట్టం చెప్పిన పద్ధతే నడవాలని తీర్పు ఇచ్చింది. ఆ పద్ధతిలో నమూనా తీయాల్సింది, విచారణ నడపాల్సింది ఆహార భద్రతా అధికారి. జిల్లా అంతా తిరగాల్సిన ఆ అధికారి, అర్ధరాత్రి హైవే మీద వ్యాను ఆపే పోలీసు ఒకే సమయంలో ఒకే చోట ఉండటం అరుదు. చట్టపరంగా తీర్పు తర్కబద్ధమే, కానీ నేల మీద దాని లాభం వ్యాను యజమానికే.

ఈ-సిగరెట్ విషయంలో కేంద్రం ఇంత తటపటాయించలేదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరం. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తాగేవాడికి మాత్రం శిక్ష లేదు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లనూ నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. రెండూ అవసరమైనవే. కుర్రవాళ్లు అలవాటు పడకముందే తలుపు మూశారు. అయితే ఈ-సిగరెట్, హుక్కా ఎక్కువగా డబ్బున్న ఇళ్ల పిల్లల వ్యసనాలు. వాటిని ఒక్క వేటుతో నిషేధించగలిగిన రాజ్యం బీడీ దగ్గరకు వచ్చేసరికి పాతికేళ్లుగా నసుగుతోంది.

2016-17 నాటి జాతీయ సర్వే లెక్కలో దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం. దేశం మొత్తంలో నమిలేవాళ్లు 21.4 శాతం, తాగేవాళ్లు 10.7 శాతం. తాగేవాళ్లలోనూ సిగరెట్ కంటే బీడీదే పైచేయి. నోటి క్యాన్సర్ ముదిరాక నల్లగొండ, సూర్యాపేట పల్లెల రోగి చివరకు చేరేది హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికే. ఆరోగ్యశ్రీ వైద్యం ఖర్చు భరించినా, రాకపోకలు, పోయిన కూలి, తోడుండే మనిషి తిండి ఎవరూ భరించరు. 2019లో సూర్యాపేట, నల్లగొండల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడం వల్ల పరీక్ష తొందరగా జరిగే అవకాశం కొంత పెరిగింది.

మిగిలింది పన్ను. పొగాకు వాడకం తగ్గించడానికి అన్నిటికంటే బాగా పనిచేసే సాధనం ధర పెంచడమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. పేదవాడే ధరకు ముందుగా స్పందిస్తాడు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ మీద 28 శాతం పన్నుకు తోడు పరిహార సెస్సు వేశారు. బీడీకి సెస్సు లేకుండా వదిలేశారు. కారణం బీడీ కార్మికుల బతుకు. ఆ బతుకు నిజంగా కష్టమైనదే కాబట్టే తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఇస్తోంది. 2019లో దాన్ని నెలకు 2,016 రూపాయలకు పెంచింది. బీడీని చవకగా ఉంచితే కామారెడ్డిలో చుట్టే ఆడమనిషికి కూలి నిలుస్తుంది, మిర్యాలగూడలో తాగే కూలీ ఊపిరి తరుగుతుంది. రెండు పేద కుటుంబాలను ఒకదానికొకటి ఎదురు నిలబెట్టే ఈ లెక్కను విప్పాలంటే, పన్నుగా వచ్చిన డబ్బుతోనే చుట్టేవాళ్లకు వేరే పని చూపించాలి. ఆ పని చిన్న ప్రయత్నాలను దాటలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి పన్ను రేట్లు మార్చినప్పుడు సిగరెట్లు, గుట్కా, నమిలే పొగాకును 40 శాతం శ్లాబులో చేర్చాలని నిర్ణయించారు. బీడీని 28 నుంచి 18 శాతానికి, తునికాకును 18 నుంచి 5 శాతానికి దించారు.