యాంటీసెమిటిజం: మాట పుట్టుక, ఐర్లండ్‌లో దాని జాడ

యూదుల మీద ద్వేషం చాలా పాతది. దానికి యాంటీసెమిటిజం అన్న పేరు మాత్రం 19వ శతాబ్దపు జర్మనీలో వచ్చింది. హీబ్రూ, అరబిక్, అరమాయిక్ భాషల కుటుంబాన్ని సెమిటిక్ అనడం 1781లో ష్లోట్జర్ అనే జర్మన్ చరిత్రకారుడితో వాడుకలోకి వచ్చింది. బైబిల్లో నోవహు కొడుకు షేము పేరే దానికి మూలం. దాదాపు వందేళ్ల తర్వాత, 1879లో, విల్‌హెల్మ్ మార్ అనే పాత్రికేయుడు బెర్లిన్‌లో యాంటీసెమిటిక్ లీగ్ పెట్టాక ఆ మాట జనం నోట పడింది. అంతకుముందు యూదుల మీద పగ చాలామటుకు మతానికి సంబంధించింది, మతం మారితే చల్లారే అవకాశం ఉండేది. మార్ దాన్ని రక్తానికి ముడిపెట్టాడు. రక్తం మారదు కాబట్టి పగకు అంతం లేకుండా పోయింది. అరబ్బులూ సెమిటిక్ భాషవాళ్లే కదా అన్న వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఆ మాట పుట్టిన నాటి నుంచీ దాని గురి యూదులే.

ఐర్లండ్‌లో ఈ ద్వేషం బయటపడ్డ చోటు లిమరిక్. రష్యా సామ్రాజ్యంలోని లిథువేనియా నుంచి వలస వచ్చిన కొన్ని కుటుంబాలు అక్కడి కొలూనీ వీధిలో స్థిరపడ్డాయి. చాలామంది మగవాళ్లు మూట భుజాన వేసుకుని తిరుగుతూ బట్టలు, ఇంటి సామాన్లు వారం వాయిదాల మీద అమ్మేవారు. తెలుగు పల్లెల్లో చీరల మూటతో వచ్చి అరువిచ్చి వెళ్లే వ్యాపారి లాంటివాళ్లే. 1904 జనవరి 11న ఫాదర్ జాన్ క్రే అనే కాథలిక్ బోధకుడు వాళ్లను వడ్డీ పిశాచాలుగా, క్రీస్తు శత్రువులుగా చిత్రించి, వాళ్లతో లావాదేవీలు మానమన్నాడు. జనం కొనడం మానేశారు, ఉన్న బాకీలు కట్టడమూ మానేశారు. రబ్బీ మీద రాయి విసిరిన పదిహేనేళ్ల కుర్రాడికి నెల జైలు పడింది. వాడు తిరిగొచ్చినప్పుడు ఊరు వీరుడిలా స్వాగతం చెప్పింది. అంతకన్నా బాధ కలిగించేది, జాతీయవాది ఆర్థర్ గ్రిఫిత్ తన పత్రికలో ఈ వెలిని సమర్థించడం. అంతకుముందు ఏడాదే రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో జరిగిన యూదుల ఊచకోత గురించి రాసిన ఐరిష్ నేత మైకేల్ డావిట్ మాత్రం గట్టిగా ఎదిరించాడు. వెలి రెండేళ్లు సాగింది, పలు కుటుంబాలు ఊరు విడిచాయి.

ఆ ప్రసంగం జరిగిన అయిదు నెలలకు, 1904 జూన్ 16న, జేమ్స్ జాయిస్ నవల ‘యులిసీస్’ కథ నడుస్తుంది. అందులో యూదు తండ్రికి పుట్టిన లియోపోల్డ్ బ్లూమ్ మీదికి మద్యం దుకాణం నుంచి ఒకడు బిస్కెట్ల డబ్బా విసురుతాడు.

తర్వాతి కాలంలో ద్వేషం రాయి విసరడం మానేసి తలుపు వేయడం నేర్చుకుంది. డబ్లిన్ గోల్ఫ్ క్లబ్బుల్లో చేరనివ్వకపోవడంతో యూదులు 1944లో ఎడ్మండ్స్‌టౌన్‌లో సొంత క్లబ్బు పెట్టుకున్నారు. అదే దేశం 1937 రాజ్యాంగంలో యూదు సమాజాలను పేరు పెట్టి గుర్తించింది. 1956లో రాబర్ట్ బ్రిస్కో అనే యూదుడు డబ్లిన్ మేయర్ అయ్యాడు.

ఈనాటి తగువు ఇజ్రాయెల్ మీద విమర్శకూ యూదుల మీద ద్వేషానికీ మధ్య హద్దు గురించి. ఇజ్రాయెల్ దర్శకుడు యోఆవ్ షమీర్ 2009లో తీసిన ‘డిఫమేషన్’ డాక్యుమెంటరీ ఆ హద్దునే వెతికింది. ద్వేషం నిజంగా ఎంత, ద్వేషం పట్ల భయాన్ని రాజకీయానికి వాడుకోవడం ఎంత అని అది అడిగింది. 2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి యాంటీసెమిటిజానికి ఒక నిర్వచనం ఇచ్చింది. అందులోని 11 ఉదాహరణల్లో చాలావరకు ఇజ్రాయెల్‌కు సంబంధించినవే. అవి విమర్శ నోరు నొక్కుతాయన్న పండితులు 2021లో జెరూసలేం ప్రకటన వెలువరించారు. ఒక ప్రభుత్వాన్ని విమర్శించడం యూదు ద్వేషం కాదు. గాజాలో జరిగినదానికి డబ్లిన్ యూదుణ్ణి నిలదీయడం మాత్రం లిమరిక్ నాటి పనే.

2024 మేలో ఐర్లండ్ పాలస్తీనాను దేశంగా గుర్తించింది. ఆ డిసెంబరులో ఇజ్రాయెల్ డబ్లిన్‌లోని రాయబార కార్యాలయం మూసేస్తామంది. చట్టపరంగా కట్టుబడాల్సిన అవసరం లేని ఆ 2016 నిర్వచనానికి 2025 జనవరిలో ఐర్లండ్ మద్దతు తెలిపింది. 2022 జనాభా లెక్కల్లో దేశంలోని యూదులు సుమారు 2,200 మంది.