మూత్రపిండానికే పరిమితమైన సార్కాయిడోసిస్: నిర్ధారణ నడిచిన దారి

సార్కాయిడోసిస్ వైద్యుల దృష్టికి మొదట చర్మవ్యాధిగా వచ్చింది. 1877లో లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ చేతులపైనా పాదాలపైనా ఊదారంగు మచ్చలున్న ఒక కార్మికుని గురించి రాయగా, 1899లో నార్వే వైద్యుడు సీజర్ బోక్ అటువంటి బొడిపెలు సార్కోమా అనే కేన్సర్‌ను పోలి ఉన్నా ప్రాణాంతకం కావని భావించి వాటిని సార్కాయిడ్ అన్నాడు. హచిన్సన్ చూసిన రోగి చివరకు మూత్రపిండాలు చెడిపోయి మరణించినా, ఆ మరణానికీ చర్మపు మచ్చలకూ మూలం ఒకటే కావచ్చునన్న ఊహ చాలాకాలానికి గాని కలగలేదు.

తరువాత ఛాతీ ఎక్స్‌రే ప్రధాన ఆధారమై, ఊపిరితిత్తులు ఈ వ్యాధికి స్వస్థానమన్న అభిప్రాయం స్థిరపడింది. 1939లో కొందరు రోగుల రక్తంలో కాల్షియం హెచ్చుగా ఉన్నట్లు గుర్తించాక, మూత్రపిండానికి కలిగే హాని ఆ కాల్షియం వల్లనేనని, అంటే రాళ్లుగా ఏర్పడటం, కణజాలంలో పేరుకోవడం వల్లనేనని భావించడం సులువైంది. 1951లో కోపెన్‌హాగెన్‌లో ఇవర్సన్, బ్రున్ సూదితో మూత్రపిండపు ముక్కను తీసి పరీక్షించే బయాప్సీ పద్ధతిని ప్రచురించడం, 1954లో చికాగోలో కార్క్, ముర్కీ రోగిని బోర్లా పడుకోబెట్టి దానిని మెరుగుపరచడం ఈ ఆలోచనను మార్చాయి. మూత్రనాళికల మధ్య కణజాలంలోనే గ్రాన్యులోమాలు, అనగా రక్షక కణాలు గుమిగూడి ఏర్పడే చిన్న ముద్దలు, బతికున్న రోగిలోనే కంటికి కనిపించసాగాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకటికి మించిన అవయవాలకు సోకడం ఈ వ్యాధి లక్షణమని తరతరాల నిర్వచనాలు చెబుతూ వచ్చినందున, మూత్రపిండంలో తప్ప మరెక్కడా జాడ లేని రోగికి ఆ పేరు పెట్టడానికి వైద్యులు వెనుకాడారు. ఆ జంకు సమంజసమే, ఎందుకంటే కొన్ని మందులు, ఫంగస్, క్షయ కూడా ఇటువంటి గ్రాన్యులోమాలనే కలిగిస్తాయి. 1975లో లీబర్‌మన్ సూచించిన, ఏసీఈ అనే ఎంజైమును కొలిచే రక్తపరీక్ష ఆశలు రేపినా, ఒంటరిగా తీర్పు చెప్పగల శక్తి దానికి లేదని తేలింది. శరీరమంతా వెతికే పెట్ స్కాన్ సైతం, అందులో వాడే గ్లూకోజు వంటి పదార్థం మూత్రంలోనే విసర్జితమవుతుంది గనుక, ఇతర అవయవాల్లో దాగిన వ్యాధిని పట్టుకున్నంతగా మూత్రపిండంలో పట్టుకోలేదు.

క్షయ విస్తృతంగా ఉన్న భారతదేశంలో ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చే ఈ ప్రక్రియ మరింత కఠినం: చాలామంది ఆరోగ్యవంతుల్లోనూ క్షయ క్రిములు నిద్రాణంగా ఉంటాయి కనుక చర్మపరీక్ష పాజిటివ్ అయినంత మాత్రాన ఏదీ తేలదు, సార్కాయిడోసిస్‌కు ఇచ్చే స్టెరాయిడ్ క్షయను రెచ్చగొడుతుంది కనుక, బయాప్సీ ముక్కలో క్రిమి కోసం రంజనం, కల్చర్, పీసీఆర్ పరీక్షలు చేయించిన తరువాతే వైద్యుడు ఆ మందు చీటీ రాస్తాడు.