కేతిగాడు నేర్పిన అలంకారశాస్త్రము

ఒక మంచిపనిని మొదలుపెట్టినవారిని ‘నాంది పలికినారు’ అనుచున్నాము. దానిని ముగించినచో ‘భరతవాక్యము పలికినారు’ అనుచున్నాము. ప్రతి మాటకు తల యూపువానిని చూచి ‘తందాన అనుచున్నాడు’ అని నవ్వుకొనుచున్నాము. ఇట్లు మాటలాడువారిలో భరతుని నాట్యశాస్త్రమును తెరచి చూచినవారు ఎందరుందురు? అయినను వాడుక తప్పుటలేదు. శాస్త్రము చదువని వారికి శాస్త్రపరిభాష ఎట్లు పట్టుపడినదో కొంచెము విచారింతము.

కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటలను పేర్కొన్నాడు. అక్షరము రానివానికి ఆ తెల్లని తెరయే తాళపత్రము. రామరావణ యుద్ధము సాగి సాగి జనము కునుకుపాట్లు పడువేళ కేతిగాడును బంగారక్కయు తెరమీదికి దూకి, మోటు సరసములాడి, ఊరి పెద్దలను సయితము విడువక ఎగతాళి చేసి పోవుదురు. ‘విదూషకుడు’ అను మాట ఆ ప్రేక్షకులు వినియుండకపోవచ్చును. కాని వీరరసము నడుమ హాస్యమెందుకు వచ్చునో, ఎంతసేపు ఉండవలెనో వారికి బాగుగా తెలియును. కొలత మించినచో కేకలు వేయుదురు. ఇది రసవిచారము కాక మరేమి?

హరికథ మరియొక పాఠశాల. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి నిలిచినచో పండితుడును పామరుడును ఒకే చాపమీద కూర్చుండిరి. కథ నడుమ భాగవతారు చెప్పు చిన్న కథకు పిట్టకథ అని పేరు. అది ఎక్కడనో ఎగిరి, తుదకు ప్రధానకథ కొమ్మమీదనే వ్రాలవలెను. ఈ భేదము వినివిని ఒంటబట్టినందుననే, పంచాయితీలో సాక్షి దారి తప్పినచో ‘పిట్టకథలు మాని అసలు సంగతి చెప్పుము’ అని గద్దించు పెద్దమనుష్యులు ఊరూర ఉండిరి.

తరువాత నాటకము. 1880లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు పద్యమునకు రాగమును జోడించి రంగమెక్కించిరి. ‘విషాద సారంగధర’తో, సంస్కృత సంప్రదాయము ఒప్పని దుఃఖాంతమును తెలుగువారి కంట పెట్టిరి. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున పుట్టిన కుటుంబ నాటక సమాజము ఊరూర తిరిగినది. అంకము, రంగము, పాత్ర అను మాటలు టిక్కెట్టుతోపాటు చేతికి వచ్చినవి.

అవధానము సంగతి మరింత వింత. తిరుపతి వేంకటకవులు సభలు చేయు రోజులలో అర్థమైనవారు, కానివారు కూడ పోయి కూర్చుండిరి. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టుటకు ఒక పృచ్ఛకుడు సంబంధము లేని ప్రశ్నలు వేయుచుండును. అదియే అప్రస్తుత ప్రసంగము. నేడు ఏ ఇంటి భోజనపు పంక్తిలోనైనను అడ్డుమాట వచ్చినచో ఆ పేరే వినబడును. ‘సమస్య’ అనగా మొదట పూరింపవలసిన పద్యపాదము. ఇప్పుడు బియ్యము చాలకున్నను సమస్యయే, బస్సు రాకున్నను సమస్యయే!

బుర్రకథలో వంత పాడువారిద్దరు. ఒకరు హాస్యము చెప్పుదురు, మరియొకరు రాజకీయము విప్పుదురు. 1943 తరువాత ప్రజానాట్యమండలి ఈ కళను చేపట్టగా, షేక్ నాజర్ గారు (1920–1997) పల్నాటి వీరులను, అల్లూరి సీతారామరాజును వేలాదిమంది ఎదుట నిలిపిరి. ‘వంత పాడుట’ ఇప్పుడొక నిందావాక్యము. కథకుని తంబురా ఎంతటిదో ఆ వంత కూడ అంతటిదే కదా, దానికి ఈ అపకీర్తి ఏమని మా మనస్సు కొంచెము నొచ్చుకొనును.

ఇచ్చట పండితుల ఆక్షేపణ ఒకటి కలదు: జనము నోట పడి మాటలు చెడినవని. ‘నేపథ్యము’ను చూడుడు. సంస్కృత నాటకములో అది వేషము, వేషము వేసుకొను తెరవెనుక చోటు. సినిమా వచ్చి ‘నేపథ్యగానము’ అన్నది. కనబడక పాడువారికి అది చక్కగా అతికినది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి ప్రసారములు మొదలైన పిమ్మట, రేడియో నాటకములో తెరయు లేదు, వేషమును లేదు. శ్రోతకు సర్వమును నేపథ్యమే. పత్రికలవారు ‘వర్షముల నేపథ్యములో’ అని వ్రాయుచున్నారు. ‘సూత్రధారి’యు అంతే, నటితో ముచ్చటించి నాటకమును ప్రస్తావించువాడు నేడు దొంగతనము వార్తలలో ప్రధాన నిందితుడైనాడు. శాకుంతలము చదువు విద్యార్థికి ఈ మాటలను వెనుకకు తిప్పి బోధింపవలసి వచ్చుచున్నది. అది నిజమే. అయినను నిఘంటువులో నిద్రించుటకంటె నోట నలుగుట మేలని మా అభిప్రాయము.

మా చింత వేరు. మాట నిలిచి ఆట పోవుచున్నది. ‘కేతిగాడా’ అని తిట్టుచున్నారు. తెరమీద కేతిగాడిని చూచినవారు అరుదు. ధర్మవరము సమీపమున నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబములు ఉన్నవి. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. అయితే ఆ తోలు ఇప్పుడు ఎక్కువగా విద్యుద్దీపములకు తొడుగులై అమ్ముడుపోవుచున్నది. ఆ తిట్టు తిన్న పిల్లవాడు ‘కేతిగాడనగా ఎవడు?’ అని అడిగినచో, తెర కట్టి చూపగలవారు నేటికిని ఆ ఊర ఉన్నారు.