చంకన ఎత్తుకుంటే కాళ్లు విడతాయి

చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి రండి. నేల మీద నీలం రంగు మ్యాట్లు, గోడకు నిలువెత్తు అద్దం, మూలన మీ నడుం దాకా వచ్చే రబ్బరు బంతి. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా ఆసుపత్రి ఇది. బోర్డు మీద ‘జిల్లా సత్వర చికిత్స కేంద్రం’ అని ఉన్నా, ఇక్కడివాళ్లకు ఇది డైస్ సెంటరే. బెంచీల నిండా తల్లులు, అమ్మమ్మలు. తండ్రులు తక్కువ. వచ్చిన ఒకరిద్దరూ బయట ఫోన్ చూసుకుంటున్నారు.

అదిగో, మ్యాట్ మీద రెండేళ్ల పిల్లాడు. అమ్మమ్మ వాడి చంకల కింద చేతులు వేసి పైకి లేపింది. లేపీ లేపగానే కాళ్లు రెండూ బిగుసుకుని కత్తెర పడ్డాయి. మడమలు నేలకు ఆనడం లేదు, మునివేళ్లే పొడుచుకుంటున్నాయి.

‘‘పుట్టగానే ఏడవనేదమ్మా. బాక్సులో పెట్టేరు’’ అంటోంది అమ్మమ్మ, ఎవరూ అడగకుండానే. ఈ గదిలో చాలా కథలు ఆ మాటతోనే మొదలవుతాయి.

‘‘అలా ఎత్తితే ఇంకా బిగుస్తాడు మామ్మా. ముందు మోకాళ్లు మడవాలి’’ అంటూ ఫిజియో మేడం కింద కూర్చుంది. ఆమె చేతులే చూడండి. లాగడం లేదు. మోకాళ్లను మెల్లగా పొట్ట వైపు మడిచి, అలాగే పట్టుకుని, తొడలను కొంచెం కొంచెంగా విడదీస్తోంది. విసురుగా లాగితే కండరం ఎదురుతిరిగి ఇంకా బిగుస్తుంది. నిదానంగా పట్టి ఉంచితే కాసేపటికి లొంగుతుంది. వాడి కాలివేళ్లు వదులవడం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది.

దెబ్బ కాళ్లకు కాదు, మెదడుకు తగిలింది. కండరాలను వదులు చేసే కబురు మెదడు నుంచి సరిగా అందడం లేదు. దీన్నే సెరిబ్రల్ పాల్సీ అంటారు. మెదడులో ఆ దెబ్బ పెరగదు. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం బిగిసిన కండరాలు పొట్టివైపోతాయి, తుంటి కీలు జారొచ్చు. ఈ సాగదీతలన్నీ అందుకే.

‘‘ఇప్పుడు వాణ్ణి చంకనేసుకోండి.’’

అమ్మమ్మ తటపటాయించింది. బలం లేని పిల్లాడని ఇన్నాళ్లూ పసిగుడ్డును మోసినట్టు రెండు చేతుల మీదే మోసింది. మేడం సాయం పట్టింది. పిల్లాడి కాళ్లు అమ్మమ్మ నడుముకు చెరోవైపూ వచ్చాయి. మెడ నిలబెట్టి అద్దంలోకి చూశాడు.

‘‘ఇదే వీడి ఎక్సర్‌సైజ్. ఇంట్లో ఎంతసేపు ఇలా తిప్పితే అంతసేపు కాళ్లు విడదీసినట్టే.’’

‘‘ఇదీ డాక్టరీయేనా!’’ అమ్మమ్మ నవ్వేసింది.

డాక్టరీయే. మెక్సికో కొండపల్లెల అనుభవంతో డేవిడ్ వెర్నర్ 1987లో ‘డిజేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’ అనే పుస్తకం తెచ్చాడు. కాళ్లు కత్తెరపడే పిల్లల్ని ఎలా ఎత్తుకోవాలో అందులో బొమ్మలు గీసి చూపించాడు. మన ఆడవాళ్లకు ఆ బొమ్మలతో పని లేదు, ఆ పద్ధతి చేతిలోనే ఉంది. వీడి విషయంలోనూ అది పనికొస్తుందని చెప్పేవాళ్లే కావాలి.

అలాగని మన పద్ధతులన్నీ మంచివని కాదు. పిల్లాడు ఆకలికి గునుస్తున్నాడు. అమ్మమ్మ కాళ్లు చాపుకుని, ఉగ్గు పోసేటప్పటిలాగే వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, పాలన్నం గిన్నె తీసింది. మేడం గబుక్కున వచ్చి చెయ్యి పట్టుకుంది. తల వెనక్కి వాలి ఉండగా నోట్లో పోస్తే మింగడం సరిగా రాని పిల్లలకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాటిమాటికీ నిమ్ము చేస్తోందని తిరిగే పిల్లల్లో కొందరికి కారణం ఇదే. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టించింది. తుంటి మడిచి, తల కాస్త ముందుకు వంచి, చెంచా ఎదురుగా, గడ్డం కంటే కింద నుంచి తెమ్మంది. మొదటి ముద్దను నాలుక బయటికి నెట్టేసింది. ‘‘చెంచాతో నాలుక మీద కొంచెం అదమండి.’’ రెండోది మింగాడు.

పక్క గదిలో చెవి మెషిన్ పెట్టుకున్న పిల్లకు గజ్జెలు మోగిస్తున్నారు. అటు టేబుల్ దగ్గర కాగితాల పని. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా. థెరపీ ఖర్చూ అందులోకి వస్తుంది. బెంచీల మీద ఎంతమందికి ఆ పేరు తెలుసో అడగండి, తెల్లమొహం వేస్తారు.

రోజూ ఆటో ఖర్చులు పెట్టుకుని రావడం ఈ అమ్మమ్మ వల్ల కాదు. మేడం ఒక కాగితం మీద బొమ్మలు గీసి ఇస్తోంది: ఎత్తుకోవడం, కూర్చోబెట్టడం, తినిపించడం. అసలు చికిత్స ఆ కాగితమే అనిపిస్తుంది నాకు. ఇక్కడ గడిచేది అరగంట, మిగతా రోజంతా ఇంట్లోనే. తల్లిని బయట కూర్చోబెట్టి తలుపు మూసుకునే థెరపీ సెంటర్లను నేను నమ్మను, ఫీజు ఎంతైనా సరే.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పసిబిడ్డ ఉంటే గమనించండి. ఐదో నెల వచ్చినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలు దాటినా తనంతట తాను కూర్చోకపోయినా, ఏడాది నిండకముందే ఒక్క చేత్తోనే అన్నీ అందుకుంటున్నా ‘వాళ్ల నాన్నకీ ఆలస్యమేలే’ అని సర్దుకోకండి. అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చూపిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు ఈ పరీక్షలు, చికిత్స ఉచితం.