మూపురము దాటిన బరువుల విమానము



యుద్ధముల చరిత్ర చెప్పువారు సామాన్యముగా సేనానుల పేరులును, గెలుపోటముల తేదీలును చెప్పుదురు. సేనలకు తిండియు, మందుగుండును, చమురును మోసినవారి మాట వెనుకబడిపోవును. పెండ్లి ఊరేగింపును చూచినవారే గాని, ఆ పెండ్లికి వంటచెరకు తోలిన బండివానిని తలచువారెవ్వరు? నేనీ పూట అట్టి బండిని గూర్చియే ప్రసంగింపదలచితిని. అది ఆకాశమున నడచిన బండి. దాని పేరు సి-46. అమెరికావారు దానికి 'కమాండో' యను బిరుదు నిచ్చిరి. దానిని నడపినవారు మాత్రము తమలో తాము 'ఎగిరెడి శవపేటిక' యని చెప్పుకొనిరి.

కర్టిస్ రైట్ అను అమెరికా సంస్థవారు మొదట దీనిని ప్రయాణికుల కొఱకు సంకల్పించిరి. 1940 మార్చి 26 వ తేదీన సెయింట్ లూయిస్ నగరమున అది తొలిసారి ఎగిరెను. ఇంతలో యుద్ధము ముంచుకొని వచ్చుటచే సైన్యమువారు దానిని సరకుల విమానముగా మార్పించి, మూడువేలకు పైగా చేయించిరి. ఱెక్కల కొననుండి కొనకు 108 అడుగులు. యంత్రములు రెండు, ఒక్కొక్కదానికి 2000 గుఱ్ఱముల బలము. ఆనాటి అమెరికా సైన్యపు రెండు యంత్రముల విమానములలో దీనిని మించినది లేదు.

1942 లో జపానువారు బర్మాలోని లాషియో పట్టణమును పట్టుకొనుటతో చీనాకు పోవు రహదారి తెగిపోయెను. అచ్చటి సేనలకు కావలసిన వస్తువులను అస్సాములోని ఛాబువా, దింజాన్, మోహన్‌బారి మొదలగు విమానాశ్రయములనుండి పర్వతముల మీదుగా కున్మింగ్ నగరమునకు చేర్పవలసివచ్చెను. దూరము సుమారు 500 మైళ్లు. నడుమ 15,000 అడుగుల ఎత్తునకు లేచిన కొండలు, మంచుగాలులు, వర్షాకాలమున దినములకొలది తెరపి యీయని మబ్బులు. వైమానికులు ఈ దారికి 'మూపురము' అని పేరు పెట్టిరి. ఎద్దును ఎఱిగిన మనకు ఈ మాట వేరుగా వివరింప నక్కఱలేదు. అస్సామున ఈ యుద్ధకాలపు పనులకు తేయాకు తోటల కూలీలు పెక్కువేలమంది చెమటోడ్చిరి. ఆ తోటలకు పూర్వము మన గంజాము, విశాఖపట్టణము ప్రాంతములనుండియు జనులు వలసపోయిన సంగతి పెద్దలు వినియేయుందురు.

మొదట ఆ దారిని నడచిన డకోటా విమానములు బరువుతో అంత ఎత్తు ఎక్కుటకు ఆయాసపడుచుండెను. సి-46 దానికి దాదాపు రెట్టింపు బరువు మోయును, ఎత్తును అందుకొనును. కనుక 1943 వేసవిలో, పరీక్షలు పూర్తి కాకుండగనే, దానిని అస్సామునకు పంపిరి. కాడి అలవాటులేని కోడెను తెచ్చి తొలకరి దుక్కికి కట్టినట్లయ్యెను. ఆ సంవత్సరము నవంబరు నాటికి దానియందు చేయవలసిన మార్పుల సంఖ్య 721 కి చేరెనని లెక్క కలదు. మంచు పట్టి యంత్రము ఆగుట, గొట్టములు కారుట మొదలగునవన్నియు అందున్నవి.

వీనిలో ఘోరమైనది నిప్పు. 1943 మే మొదలు 1945 మార్చి వరకు ఆకాశముననే అంటుకొనిన లేక పేలిపోయిన సి-46 విమానములు 31 అని తేలినది. జాడ తెలియక పోయినవి ఈ లెక్కలో చేరవు. చాలకాలము ఇది ఎందువలన కలుగుచున్నదో ఎవ్వరికిని అంతుపట్టలేదు. యుద్ధము ముగిసిన పిమ్మటగాని కారణము స్పష్టపడలేదు. విమానములలో చమురుతొట్టి ఱెక్కలయందుండును. అందుండి ఒకటి రెండు చుక్కలు కారుట ఏ విమానమునకైనను కలదు. అయితే ఇతర విమానముల ఱెక్కలలో ఆ చుక్కలు బయటికి జాఱుటకును, ఆవిరి పోవుటకును కన్నములుండును. సి-46 ఱెక్కకు అట్టివి లేవు. కారిన పెట్రోలు ఱెక్క మొదట, ఒడలితో కలియుచోట, మడుగుగట్టి నిలిచెను. ఆ సమీపముననే చమురును తోడు విద్యుత్ పంపునకు సంబంధించిన స్విచ్చులు మూతలేక యుండెను. కిటికీలేని కొట్టుగదిలో కిరసనాయిలు డబ్బా రాత్రియంతయు కారగా, తెల్లవారి ఒకడు లోనికి పోయి అగ్గిపుల్ల గీచినచో ఏమగునో మీకు తెలియును. అచ్చట జరిగినదియు అంతే. యుద్ధానంతరము ఱెక్కలకు కన్నములు వేసి, నిప్పురవ్వ బయటికి రాని పంపును, మూసిన స్విచ్చులను అమర్చిరి. ఔషధము ఇంతమాత్రమే. ఇది వ్రాయుటకు నాకొక్క నిమిషము పట్టినది. దీనిని కనుగొనుటకు రెండేండ్ల ప్రాణనష్టము పట్టినది. కార్ఖానాలో బల్లయెదుట కూర్చున్నవాడు మఱచిన కన్నమునకు, మబ్బులలో ఎగిరినవాడు మూల్యము చెల్లించెను.

ఈ విమానముల ప్రమాదములలో లోకమునకు బాగుగా తెలిసినది 1943 ఆగష్టు 2 వ తేదీన జరిగినది. ఆ ఉదయము ఛాబువానుండి 21 మందితో ఒక సి-46 కున్మింగ్‌నకు బయలుదేఱెను. అందు అమెరికా రేడియోకు యుద్ధవార్తలు పంపు ఎరిక్ సెవరీడ్ అనునతడును, జాన్ పేటన్ డేవిస్ అను రాయబార కార్యాలయోద్యోగియు, చీనా సైనికోద్యోగులును ఉండిరి. నాగా కొండలపై ఎగురుచుండగా ఎడమ యంత్రము ఆగిపోయెను. సామానులన్నియు క్రిందికి విసరివైచిరి. అయినను విమానము దిగజాఱుచునే యుండెను. అందఱును పారాచూటులు తగిలించుకొని దుమికిరి. వారిలో పెక్కుమంది అంతకుముందు ఎన్నడును దుమికినవారు కారు. సహవైమానికుడు మరణించెను. తక్కిన 20 మందియు ప్రాణములతో నేలకు చేరిరి.

వారు దిగిన సీమ మనుష్యుల తలలు నఱకి తెచ్చు ఆచారముగల నాగాల దేశమని ప్రసిద్ధి. బల్లెములు చేతబట్టి వచ్చిన ఆ కొండజనులు మాత్రము ఈ బాటసారులకు అన్నపానీయములొసగి ఆదరించిరి. మఱియొక విమానము వచ్చి ఆహారమును, ఆయుధములను జాఱవిడిచెను. ఆ సాయంకాలమే ఫ్లికింజర్ అను సైనిక వైద్యుడు, ఇద్దఱు సహాయకులతో, దెబ్బతిన్నవారి చికిత్సకై తానే కోరి ఆ అడవిలోనికి దుమికెను. తిరిగివచ్చు దారి తెలియనిచోటికి తన యిష్టమున దుమికిన ఈ వైద్యుని సాహసము నాకు ఆ వృత్తాంతమునందెల్ల ఉత్తమమైనదిగా తోచుచున్నది. కొన్ని దినములకు మొకొక్‌చుంగ్‌నుండి ఫిలిప్ ఆడమ్స్ అను ఆంగ్ల అధికారి నాగా భటులతో కాలినడకన వచ్చి వారినందఱిని వెంటబెట్టుకొని పోయెను. నెల తిరుగునప్పటికి వారు సురక్షితముగా బయటపడిరి. సెవరీడ్ ఈ వృత్తాంతమును 1946 లో ప్రకటించిన తన ఆత్మకథలో వ్రాసియున్నాడు.

అందఱికిని ఇట్టి అదృష్టము పట్టలేదు. యుద్ధాంతమునకు మూపురపు దారిలో అన్నివిధముల విమానములు కలిసి దాదాపు 600 నశించెను; చనిపోయినవారును, జాడ తెలియనివారును 1,600 కు మించిరి. చేర్చిన సరకు సుమారు 6,50,000 టన్నులు. 1944 సెప్టెంబరులో విలియం టన్నర్ అను సేనాని అధికారమునకు వచ్చి, విమానముల మరమ్మతును ఒక క్రమమునకు తెచ్చెను. ఒక్కొక్క పనిని ఆ పనియందు ఆఱితేఱినవారే చేయునట్లు, విమానమును ఒక చోటినుండి మఱియొక చోటికి జరుపుచు పరీక్షించు పద్ధతి పెట్టెను. సరకు పెరిగెను, ప్రమాదములు తగ్గెను. 1945 ఆగష్టు 1 వ తేదీన ఒక్కదినమున 1,118 ప్రయాణములు జరిగి, 5,327 టన్నులు చేరెను. ఒక్క ప్రమాదమైనను కలుగలేదు. కొండలును, మబ్బులును మునుపటివే. దీనినిబట్టి వెనుకటి మరణములలో ఎన్ని తప్పింపదగినవో మీరే ఊహింపవచ్చును.

యుద్ధము ముగిసిన పిదప ఈ విమానములు చవుకగా అమ్ముడుపోయెను. కొన్నవారిలో కొందఱు వానియందు ఆసనములు బిగించి మనుష్యులను ఎక్కించిరి. 1949 జూను 7 వ తేదీన పోర్టోరికో దీవిలోని సాన్‌హువాన్‌నుండి 81 మందితో లేచిన సి-46 యొక్క కుడి యంత్రము చెడి, సముద్రమున పడి 53 మంది మరణించిరి. తగని స్పార్కు ప్లగ్గులు వాడుటయు, మితిమీఱిన బరువును కారణములని విచారణలో తేలెను. 1951 డిసెంబరు 16 వ తేదీన న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణమున పడినదానిలో 56 మందియు పోయిరి. కుడి యంత్రమున ఒక సిలిండరును పట్టియుంచు బోల్టులు వదులై, విఱిగి, నిప్పంటుకొనెను. తరువాతి రెండు మాసములలో అదే పట్టణమున మఱి రెండు విమానములు పడుటచే, చేరువనున్న నెవార్క్ విమానాశ్రయమును 1952 నవంబరు వరకు మూసివేసిరి. 1960 అక్టోబరు 29 వ తేదీన ఒహాయో రాష్ట్రమున టొలీడో నగరమునుండి, చేయి చాపిన చేయి కానరాని పొగమంచులో, బంతియాటగాండ్రైన కళాశాల విద్యార్థులతో ఒకటి లేచెను. అనుమతించిన దానికంటె సుమారు 2,000 పౌనుల బరువు హెచ్చు. ఉన్న 48 మందిలో 22 మంది మరణించిరి. మూపురమున యుద్ధపు తొందర యను సాకైనను ఉండెను. ఇచ్చట కిరాయి డబ్బు తప్ప వేఱు తొందర నాకు కానరాదు.

మరల మన తూర్పు కొండలకు వత్తము. 1945 జనవరి మొదటి వారమున కున్మింగ్‌నుండి 13 మందితో అస్సామునకు మరలుచున్న ఒక సి-46 తుపానులో అదృశ్యమయ్యెను. ఆ ప్రయాణికులలో ఒకని కుమారుడు, తండ్రిలేక పెరిగి వృద్ధుడై, ఆ విమానమును వెదకింప పూనుకొనెను. అరుణాచల ప్రదేశపు కొండలలో 2018 లో అన్వేషణ సాగుచుండగా అకాలపు మంచుతుపానులో లిసు జాతివారైన దారిచూపరులు ముగ్గురు చలికి మరణించిరి. 2021 డిసెంబరున, మంచుగప్పిన ఒక శిఖరముపై శిథిలములు కనబడెను. తోకపై నున్న సంఖ్యనుబట్టి అది ఆ విమానమేయని గుర్తించిరి. అందు మనుష్యుల అవశేషములు మాత్రము దొరకలేదు.