సెకండ్ హ్యాండ్ బైక్ కొన్నారా? మొదటి 30 రోజుల్లో చేయాల్సిన పనులివే

డబ్బులు ఇచ్చేశారు. తాళం, ఆర్‌సీ చేతికొచ్చాయి. బండి ఇంటి ముందుంది. చాలామంది దృష్టిలో కొనుగోలు ఇక్కడితో ముగిసినట్టే. చట్టం దృష్టిలో మాత్రం ఆ బండి ఇంకా పాత యజమానిదే. ఇంజిన్ ఏ స్థితిలో ఉందో కూడా మీకింకా తెలియదు.

వరంగల్ కాశిబుగ్గ లాంటి చోట ఉద్యోగానికి, కాలేజీకి, ఎనుమాముల మార్కెట్‌కు రోజూ తిరిగే మధ్యతరగతికి పాత బైకే ఎక్కువగా అందుబాటులో ఉండే వాహనం. కొత్త బండి ధరలో సగానికో అంతకన్నా తక్కువకో దొరుకుతుంది. కానీ కాగితాలు మార్చుకోకపోయినా, మొదటి నెలలో చేయాల్సిన మరమ్మతులు వాయిదా వేసినా ఆ మిగులు నిలవదు. కొన్నవారు, అమ్మినవారు ఏం చేయాలో చూద్దాం.

పేరు మార్పిడికి గడువు ఎంత?

మోటారు వాహనాల చట్టం–1988లోని సెక్షన్ 50 ఇద్దరికీ వేర్వేరు గడువులు పెట్టింది. ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే, అమ్మిన వ్యక్తి 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్న వ్యక్తి 30 రోజుల్లోగా తన చిరునామా పరిధిలోని కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవాలి.

ఇందుకు రెండు ఫారాలు కావాలి. ఫారం 29 అమ్మినట్టు తెలియజేసేది. ఫారం 30 పేరు మార్చమని కోరేది. వీటితో పాటు ఒరిజినల్ ఆర్‌సీ, అమలులో ఉన్న బీమా, కాలుష్య ధ్రువీకరణ పత్రం, చిరునామా రుజువు దగ్గర ఉంచుకోవాలి. తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాలి. కేంద్ర నిబంధనల ప్రకారం బైక్ పేరు మార్పిడి ఫీజు రూ.150. రాష్ట్ర సేవా రుసుములు, కార్డు, పోస్టు ఖర్చులు అదనం.

బండి మీద ఫైనాన్స్ ఉండి ఉంటే, అప్పు తీరిపోయినా ఆర్‌సీలో ఆ పద్దు అలాగే ఉండొచ్చు. దాన్ని తీసేయించడానికి ఫారం 35, ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ అవసరం. ఈ రెండూ అమ్మిన వ్యక్తి దగ్గర తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వడం మేలు.

యజమాని చనిపోయి, వారసులు బండి అమ్ముతుంటే ముందు ఫారం 31 ద్వారా వారసుల పేరుకు మారాలి. చనిపోయిన వ్యక్తి పేరుతో ఉన్న ఆర్‌సీని చూపించి నేరుగా అమ్మితే, ఆ తర్వాత సంతకం పెట్టేవారు ఉండరు.

నంబరు ప్లేటు ఏం చెబుతుంది?

‘ఏపీ 36’తో మొదలయ్యే నంబర్లు ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లావి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ‘టీఎస్’, 2024 మార్చి నుంచి ‘టీజీ’ కోడ్ వచ్చాయి. బైక్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అంటే 2011లో రిజిస్టరైన ఏపీ 36 బండి గడువు 2026లో తీరుతుంది. 2014లో చివరగా నమోదైన వాటికీ 2029తో ముగుస్తుంది.

ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి, ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 15 ఏళ్లు దాటిన బైక్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.1,000 అయింది. 20 ఏళ్లు దాటిన బైక్‌కు 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని రూ.2,000కు పెంచింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. కాబట్టి ‘చవకగా వస్తోంది’ అనుకునే ముందు ఆర్‌సీలో చెల్లుబాటు తేదీ చూడండి.

విజయవాడ నుంచో, నాగ్‌పూర్ నుంచో తెచ్చిన బండి అయితే అక్కడి రవాణా శాఖ ఇచ్చిన ఎన్‌ఓసీ (ఫారం 28) ఉండాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఈ ఖర్చు కలుపుకున్నాకే ధర మాట్లాడుకోవాలి.

పేరు మార్చకపోతే ఎవరికి నష్టం?

ఇద్దరికీ. అమ్మిన వారికి ముందుగా తగిలేది ఈ–చలాన్. కెమెరాకు కనిపించేది నంబరు ప్లేటే కనుక మెసేజ్ పాత యజమాని ఫోన్‌కే వెళ్తుంది. ఇది చిన్న చిక్కు. పెద్దది ప్రమాదం జరిగినప్పుడు ఎదురవుతుంది.

2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఒక కారు కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కారు చేతులు మారుతూ పోయినా రిజిస్ట్రేషన్ మొదటి యజమాని పేరు మీదే ఉంది. ప్రమాదం జరిగింది. రికార్డుల్లో పేరున్న వ్యక్తే చట్టం ప్రకారం ‘యజమాని’, పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. అమ్మేశాననే మాట ఆయనను కాపాడలేదు. బైకులకూ ఇదే సూత్రం.

కొన్నవారికి నష్టం బీమా రూపంలో వస్తుంది. బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ బీమా దానితో పాటే మారినట్టు సెక్షన్ 157 భావిస్తుంది. పాలసీలో పేరు మార్చమని కొన్న వ్యక్తి 14 రోజుల్లోగా బీమా సంస్థను కోరాలి. అలా చేయకపోతే మీ బండి పోయినా, పాడైనా సొంత నష్టం కింద క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. యజమాని–డ్రైవర్‌కు ఉండే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా పాత యజమాని పేరుతోనే ఉంటుంది. మీకు ఏదైనా జరిగితే మీ ఇంట్లో వాళ్లకు అది రాదు. అందుకే ఆర్‌సీ, పాలసీ రెండూ మీ పేరుకు మారాలి.

నో క్లెయిమ్ బోనస్ వ్యక్తికి చెందుతుంది, బండికి కాదు. పాత యజమాని బోనస్ మీకు బదిలీ కాదు.

బీమా పూర్తిగా అయిపోయిన బండి అయితే రోడ్డెక్కించే ముందే పాలసీ తీసుకోండి. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 75–150 సీసీ బైక్‌కు రూ.714, 150–350 సీసీకి రూ.1,366 (జీఎస్టీ కాకుండా). బీమా లేకుండా నడిపితే సెక్షన్ 196 కింద మొదటిసారి రూ.2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

కన్సల్టెన్సీలో కొంటే?

పాత బండ్ల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు ఉన్నాయి. డీలర్ రవాణా శాఖ నుంచి అధీకృత ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది. యజమాని బండిని డీలర్‌కు అప్పగించినట్టు ఫారం 29సీ ద్వారా రవాణా శాఖకు తెలియజేస్తే, అప్పటి నుంచి అది అమ్ముడయ్యే వరకు డీలరే యజమాని కింద లెక్క. అమ్మేవారు కోరాల్సింది ఈ రసీదునే. కొనేవారు డీలర్ ధ్రువీకరణ పత్రం చూపించమని అడగాలి.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి ‘మీ వీలున్నప్పుడు మార్చుకోండి’ అంటే ఒప్పుకోవద్దు. ఆరు నెలల తర్వాత ఆ సంతకం చేసిన వ్యక్తి ఎక్కడున్నాడో తెలియదు.

దొంగ బండి కాదని, చలాన్లు లేవని ఎలా తెలుస్తుంది?

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, మోడల్, బీమా, ఫైనాన్స్ వివరాలు వస్తాయి. ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోల్చండి. అంకెలు గీకినట్టో, మళ్లీ కొట్టినట్టో ఉంటే అక్కడితో ఆపేయండి. దొంగతనం కేసుల్లో ఉన్న వాహనాల వివరాలు జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) పోర్టల్‌లో చూసుకోవచ్చు. పెండింగ్ చలాన్లు తెలంగాణ ఈ–చలాన్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు కదా, మళ్లీ ఇస్తారులే అని పాత బాకీ మీ నెత్తిన వేసుకోవద్దు. ధరలోనే తగ్గించమనండి.

వరదలో మునిగిన బండిని గుర్తుపట్టడం ఎలా?

2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్‌లోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి. ఇళ్ల ముందున్న బండ్లూ మునిగాయి. కడిగి, పాలిష్ పట్టిస్తే పైకి తెలియదు. కొన్ని చోట్ల మాత్రం ఆనవాళ్లు మిగులుతాయి. సీటు తీసి కింద బోల్టుల తుప్పు చూడండి. హెడ్‌లైట్ వెనుక ఎండిన బురద ఉందా, వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉందా గమనించండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీరు చేరినట్టే.

మొదటి వారంలో ఏయే సర్వీసులు చేయించాలి?

‘మొన్ననే సర్వీసింగ్ చేయించా’ అనే మాటకు బిల్లు లేకపోతే విలువ లేదు. సర్వీసు ఇవాళే మొదలవుతోందని లెక్కపెట్టుకోండి.

• ఇంజిన్ ఆయిల్: మార్చేయండి. ఏ గ్రేడు, ఎంత పోయాలో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అని ఉండాలి. ఎక్కువ బైకుల్లో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారిపోవచ్చు.

• ఎయిర్ ఫిల్టర్: మిర్చి, పత్తి సీజన్‌లో ఎనుమాముల వైపు లారీలు, ట్రాలీలు లేపే దుమ్ము అంతా ఇందులోకే చేరుతుంది. మూసుకుపోతే పికప్, మైలేజీ రెండూ పడిపోతాయి. దుమ్ము రోడ్లలో తిరిగేవారు మాన్యువల్ చెప్పిన గడువుకన్నా ముందే చూపించాలి.

• టైర్లు: పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. ‘2319’ అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు బాగానే ఉన్నా పక్కలు పగిలిన పాత టైరు వానలో పట్టు ఇవ్వదు. 100–125 సీసీ బైకుల్లో గాలి ముందు 25 పీఎస్‌ఐ, వెనుక ఒక్కరికి 28–29 ఉండటం మామూలు. ఇద్దరెక్కితే వెనుక ఎక్కువ కావాలి. మీ మోడల్ అంకె బండి మీద స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి.

• చైన్: మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే చాలా బైకుల్లో 20–30 మిల్లీమీటర్లు ఆడాలి. మరీ బిగుతైనా, వదులైనా ప్రమాదమే. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైన్, స్ప్రాకెట్ సెట్‌గా మార్చాలి.

• బ్రేకులు: డిస్క్ ఉంటే ప్యాడ్లు, లేదంటే షూలు విప్పించి చూడండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. అది ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇప్పుడే మార్పించండి.

• పెట్రోలు పైపులు: ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023కు ముందు తయారైన చాలా బండ్లలోని రబ్బరు భాగాలు దీనికోసం చేసినవి కావు. పైపు గట్టిపడినా, చెమ్మగా కనిపించినా మార్చేయండి.

చేతికి అలవాటయ్యేదాకా ఎలా నడపాలి?

ప్రతి బండికీ క్లచ్ పట్టుకునే చోటు వేరు. ముందు ఖాళీ రోడ్డు మీద పావుగంట ఆగుతూ, కదులుతూ అలవాటు చేసుకోండి. ఉదయం త్వరగా వెళ్తే కాశిబుగ్గ వీధుల్లోనూ ఆ వీలు దొరుకుతుంది.

గేర్లతో మరింత జాగ్రత్త. చాలా స్ప్లెండర్ల లాంటి నాలుగు గేర్ల బండ్లలో అన్ని గేర్లూ ముందుకు తొక్కితేనే పెరుగుతాయి. ఐదు గేర్ల బండ్లలో మొదటిది కిందికి, మిగతావి పైకి. పాత అలవాటుతో వేగంలో తొక్కితే గేరు పెరగాల్సింది తగ్గిపోతుంది. వెనుక చక్రం ఒక్కసారిగా పట్టేసి బండి జారొచ్చు.

బ్రేకుల తీరూ మారుతుంది. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త బైకుల్లో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, మిగిలినవాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి. సీబీఎస్ ఉంటే వెనుక బ్రేకు తొక్కినా ముందు చక్రానికి కొంత పడుతుంది. అంతకుముందు బండిలో ఈ రెండూ లేకపోవచ్చు. తడి రోడ్డు మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుపోతుంది. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా బలం పెంచుతూ వాడటం అలవాటు చేసుకోండి.

పెట్రోలు ముల్లును మొదట్లోనే నమ్మొద్దు. ట్యాంకు నిండా కొట్టించి, ఓడోమీటర్ అంకె రాసుకోండి. కొన్ని రోజులు తిరిగాక మళ్లీ నిండా కొట్టించండి. 231 కిలోమీటర్లకు 4.2 లీటర్లు పట్టిందనుకోండి, మైలేజీ లీటరుకు 55. నెలనెలా ఈ లెక్క రాసుకుంటే, అంకె తగ్గినప్పుడు బండి మెకానిక్ కంటే ముందే మీకు చెబుతుంది.

తర్వాత ఏం గుర్తుంచుకోవాలి?

• 14 రోజుల్లోగా: బీమా పేరు మార్పిడి దరఖాస్తు. అమ్మినవారైతే రవాణా శాఖకు సమాచారం.

• 30 రోజుల్లోగా: ఫారం 29, 30లతో ఆర్‌సీ మార్పిడి.

• ప్రతి 15 రోజులకు: టైరు గాలి, డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం, లైట్లు, హారన్.

• ప్రతి 500 కిలోమీటర్లకు: బయటికి కనిపించే చైన్ అయితే శుభ్రం చేసి లూబ్ వేయడం.

• వానలో మునిగితే: స్టార్ట్ చేయొద్దు. తోసుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లండి. నీరు లోపలికి చేరిన ఇంజిన్‌ను తిప్పితే చిన్న ఖర్చు పెద్దదవుతుంది.

కొత్త ఆర్‌సీ వచ్చాక దాన్ని, పాలసీని డిజిలాకర్‌లో పెట్టుకోండి. అమ్మిన వ్యక్తికి ఆర్‌సీ ఫొటో ఒకటి పంపండి. చలాన్ వస్తుందేమో, కేసు వస్తుందేమో అన్న దిగులు ఆయనకూ తీరుతుంది.