గార్‌ఫీల్డ్ ఉన్నత పాఠశాల కలన గణిత పరీక్షా ఫలితాలు

జేమ్స్ ఎ. గార్‌ఫీల్డ్ ఉన్నత పాఠశాల అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ నగరానికి తూర్పున ఆనుకొని ఉన్న ఈస్ట్ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఉన్న ప్రభుత్వ పాఠశాల. 1925లో ప్రారంభమైన ఈ పాఠశాలకు ఆ దేశపు 20వ అధ్యక్షుని పేరు పెట్టారు. 1979 మొదలుకొని 1991 వరకు ఈ పాఠశాల విద్యార్థులు కలన గణితంలో జాతీయ స్థాయి పరీక్షలో సాధించిన ఫలితాలు అమెరికా విద్యా చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. 1982లో 18 మంది విద్యార్థులు ఈ పరీక్షలో ఉత్తీర్ణులు కాగా, వారిలో 14 మంది ఫలితాలను పరీక్షల సంస్థ శంకించి మళ్ళీ పరీక్ష వ్రాయమని కోరింది. ఈ వివాదం వలననే పాఠశాల పేరు, గణితోపాధ్యాయుడు హైమె ఎస్కలాంటె పేరు దేశమంతటా తెలిసినవి. 1988లో వచ్చిన 'స్టాండ్ అండ్ డెలివర్' చలనచిత్రానికి ఈ సంఘటనలే ఆధారం.

పరీక్ష స్వరూపం

ఈ పరీక్ష పేరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, క్లుప్తంగా ఏ.పి. (ఆంధ్ర ప్రదేశ్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు). ఉన్నత పాఠశాలలో చదువుతూనే కళాశాల స్థాయి పాఠ్యాంశాన్ని అభ్యసించిన విద్యార్థులకు కాలేజ్ బోర్డు అనే సంస్థ 1950వ దశకం నుండి దీనిని ఏటా మే నెలలో నిర్వహిస్తున్నది. ఆనాడు పరీక్షల నిర్వహణ, మూల్యాంకనం చూసినది ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ (ఇ.టి.ఎస్.). జి.ఆర్.ఇ., టోఫెల్ పరీక్షల ద్వారా పై చదువులకు విదేశాలకు వెళ్ళే తెలుగు విద్యార్థులకు ఈ సంస్థ చిరపరిచితమే.

ఫలితం 1 నుండి 5 వరకు అంకెలలో ఉంటుంది. 3 లేదా అంతకు మించి వస్తే ఉత్తీర్ణత క్రింద లెక్క. చాలా కళాశాలలు అటువంటి విద్యార్థికి ఆ పాఠ్యాంశాన్ని మళ్ళీ చదవనవసరం లేకుండా మినహాయింపు ఇస్తాయి. ఫీజుల భారం ఎక్కువగా ఉండే అమెరికాలో పేద విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. కలన గణితంలో రెండు పరీక్షలు ఉన్నాయి: ఏ.బి. అనునది ప్రాథమిక స్థాయి, బి.సి. అనునది అంతకు పై స్థాయి. అవధులు, అవకలనం, సమాకలనం ఏ.బి.లోని ముఖ్యాంశాలు. మన ఇంటర్మీడియట్ గణితం చదివిన వారికి ఇవి కొత్తవి కావు. అయితే ఆనాటి అమెరికా ఉన్నత పాఠశాలలలో కలన గణితం చదివేవారు చాలా కొద్దిమంది. వారు కూడా ఎక్కువగా సంపన్నుల పేటలలోని పాఠశాలలవారే.

పాఠశాల నేపథ్యం

ఈస్ట్ లాస్ ఏంజెలెస్ నివాసులలో అత్యధికులు మెక్సికో నుండి వచ్చి స్థిరపడిన శ్రామిక కుటుంబాలవారు. వారి ఇళ్ళలో మాట్లాడే భాష స్పానిష్. తమ ప్రాంతపు పాఠశాలలలో చదువు నాసిరకంగా ఉన్నదనీ, తమ పిల్లలను కళాశాలకు కాక కూలిపనులకే సిద్ధం చేస్తున్నారనీ 1968 మార్చిలో వేలాది విద్యార్థులు తరగతులను బహిష్కరించి వీధులలోకి వచ్చారు. ఆ ఉద్యమంలో గార్‌ఫీల్డ్ విద్యార్థులు ముందు వరుసలో నిలిచారు. అయినా 1970వ దశకం మధ్య నాటికి పరిస్థితి మెరుగుపడలేదు సరికదా, పాఠశాల గుర్తింపునకే ముప్పు ఏర్పడింది.

1974లో గణితోపాధ్యాయునిగా చేరిన హైమె ఎస్కలాంటె 1930 డిసెంబరు 31న బొలీవియా దేశంలోని లా పాజ్‌లో జన్మించారు. స్వదేశంలో భౌతిక, గణిత శాస్త్రాలను బోధించి మంచి పేరు తెచ్చుకున్న తరువాత 1960వ దశకంలో అమెరికా చేరారు. అక్కడ ఆయన డిగ్రీలకు విలువ లేకపోయింది. ఫలహారశాలలో పనిచేస్తూ ఇంగ్లీషు నేర్చుకొని, రాత్రి తరగతులలో మళ్ళీ మొదటి నుండి చదివి పట్టా పొందారు. బరోస్ కంప్యూటర్ల సంస్థలో ఉద్యోగం వదులుకొని తక్కువ జీతానికి బడిపంతులు ఉద్యోగంలో చేరారు. చేరిన కొత్తలో విద్యార్థుల స్థాయి చూసి నిరుత్సాహపడి, పాత ఉద్యోగం తిరిగి ఇమ్మని కబురు చేశారు కూడా. అయితే బీజగణితం నేర్చుకొనడానికి 12 మంది విద్యార్థులు ముందుకు రావడంతో ఆ ఆలోచన విరమించుకున్నారు.

క్రమాభివృద్ధి

గార్‌ఫీల్డ్ ఫలితాలు ఒక్క సంవత్సరంలో వచ్చినవి కావు. ఎస్కలాంటె చేరిన నాలుగేళ్ళకు గాని, అనగా 1978-79 విద్యా సంవత్సరం వరకు, అక్కడ ఆయన కలన గణితం తరగతి మొదలు కాలేదు. ఆ తరగతి ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి.

1979: పరీక్ష వ్రాసినవారు 5, ఉత్తీర్ణులు 2
1980: వ్రాసినవారు 9, ఉత్తీర్ణులు 7
1981: వ్రాసినవారు 15, ఉత్తీర్ణులు 14
1982: వ్రాసినవారు 18, ఉత్తీర్ణులు 18
1983: వ్రాసినవారు 33, ఉత్తీర్ణులు 30

ఈ అంకెలలో ఉత్తీర్ణతా శాతం కన్న వ్రాసినవారి సంఖ్యను గమనించడం ముఖ్యం. శాతం పెంచడానికి బడులకు ఒక సులువైన మార్గం ఉన్నది: వెనుకబడిన పిల్లలను పరీక్షకు పంపకపోవడం. గార్‌ఫీల్డ్‌లో ఇందుకు భిన్నంగా ఏటేటా ఎక్కువమందిని కూర్చోబెడుతూ పోయారు.

కలన గణితానికి ముందు బీజగణితం, రేఖాగణితం, త్రికోణమితి గట్టిగా వచ్చి ఉండాలి. ఆ క్రింది తరగతులను ఎస్కలాంటె, ఆయన సహోపాధ్యాయుడు బెన్ హిమెనెజ్ కలిసి ఒక్కొక్క మెట్టుగా పటిష్ఠం చేశారు. గార్‌ఫీల్డ్‌కు పిల్లలను పంపే జూనియర్ హైస్కూళ్ళ బోధనపై కూడా దృష్టి పెట్టారు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కళాశాలలో వేసవి తరగతులు ఏర్పాటు చేసి, బడిలో ఏడాది పట్టే పాఠ్యాంశాన్ని సెలవులలోనే పూర్తి చేసే అవకాశం కల్పించారు. బడికి ముందు, బడి విడిచిన తరువాత, శనివారాలలో కూడా పాఠాలు జరిగేవి. ఇంటిపని లెక్కకు సమాధానం చెప్పనిదే తరగతిలోనికి రానివ్వని ఆయన పద్ధతిని ఒక అధికారి తప్పుపట్టారు. విద్యార్థులతోను, తల్లిదండ్రులతోను ముందుగానే ఒప్పంద పత్రంపై సంతకాలు తీసుకునేవారు. తెలివి కన్న పట్టుదల ముఖ్యమని చెప్పడానికి ఆయన తరచు వాడిన 'గానాస్' అనే స్పానిష్ మాట ఆయన పేరుతో పెనవేసుకొని పోయింది. చేయాలన్న తపన అని దాని అర్థం.

1981లో హెన్రీ గ్రాడియాస్ ప్రధానోపాధ్యాయునిగా రావడం మరొక మలుపు. కూడికలు, తీసివేతలతోనే కాలం గడిపే ప్రాథమిక గణితం తరగతులను ఆయన తగ్గించారు. అటువంటి తరగతిలో చేరిన విద్యార్థి దానితో పాటు బీజగణితం కూడా చదవాలని నియమం పెట్టారు. గార్‌ఫీల్డ్ కథ చెప్పేటప్పుడు ఈయన పాత్రకు దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు.

1982 వివాదం

1982 మే నెలలో ఏ.బి. పరీక్ష వ్రాసిన 18 మందీ ఉత్తీర్ణులైనారు. ఆ వేసవిలో వారిలో 14 మందికి ఇ.టి.ఎస్. నుండి లేఖలు అందాయి. పలువురి జవాబు పత్రాలలో అసాధారణమైన పోలికలు కనిపించినందున వారి ఫలితాల చెల్లుబాటు సందేహాస్పదమైనదని ఆ లేఖల సారాంశం. సంస్థ విధానం ప్రకారం ఇది కాపీ కొట్టారన్న ఆరోపణ కాదు. కాని లేఖ అందుకున్న పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఆ తేడా కనిపించే అవకాశం లేదు.

వివాదానికి కేంద్రం విపులంగా సమాధానం వ్రాయవలసిన భాగంలోని 6వ ప్రశ్న. పైభాగం తెరచి ఉన్న దీర్ఘచతురస్రాకారపు తొట్టిని అతి తక్కువ ఖర్చుతో నిర్మించడానికి సంబంధించిన కనిష్ఠ విలువ లెక్క అది. ఇటువంటి లెక్కను సరిగ్గా చేసినవారి సమాధానాలు ఒకే విధంగా ఉంటే ఆశ్చర్యం లేదు. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న వారైతే మెట్లు కూడా ఒకే వరుసలో ఉంటాయి. కాని తప్పు చేయడానికి దారులు అనేకం. అనేకమంది అదే చోట, అదే చిన్న పొరపాటు చేసి, చరరాశులకు అవే అక్షరాలు వాడినప్పుడు మూల్యాంకనం చేసేవారికి సందేహం కలగడం సహజం. ఉమ్మడి ఒప్పు కన్న ఉమ్మడి తప్పు బలమైన సాక్ష్యమన్నది దిద్దుబాటు చేసిన ప్రతి ఉపాధ్యాయునికీ అనుభవంలో ఉన్న విషయమే.

ఎస్కలాంటె దీనిని వేరుగా చూశారు. తమ పిల్లల ఇంటిపేర్లు స్పానిష్ పేర్లు కాకుండా ఉండి, వారు చదివినది పేదల బడి కాకుండా ఉంటే ఈ సందేహమే వచ్చేది కాదని ఆయన వాదన. జాతికీ తమ నిర్ణయానికీ సంబంధం లేదని ఇ.టి.ఎస్. ఖండించింది. చివరకు 14 మందిలో 12 మంది మళ్ళీ పరీక్షకు అంగీకరించారు. వేసవి సెలవులలో పుస్తకం మూసివేసిన పిల్లలు కొద్దిపాటి వ్యవధిలో మళ్ళీ సిద్ధమై, ఆగస్టు చివర కొత్త ప్రశ్నపత్రంతో పరీక్ష వ్రాశారు. 12 మందీ ఉత్తీర్ణులైనారు. వారిలో ఎక్కువమందికి 4 లేదా 5 వచ్చింది. వారి ఫలితాలు పునరుద్ధరించబడినాయి.

ఇంతకీ మొదటి పరీక్షలో ఏమి జరిగింది? పత్రికా రచయిత జే మాథ్యూస్ 1988లో ప్రచురించిన ఎస్కలాంటె జీవిత కథలో ఈ ప్రశ్నను దాటవేయలేదు. పది మంది విద్యార్థుల లిఖితపూర్వక అనుమతితో వారి జవాబు పత్రాలను ఆయన పరిశీలించారు. వారిలో తొమ్మిది మంది 6వ ప్రశ్నలో ఒకే తప్పు చేశారు. తప్పుగా చేసిన సమాధానం గల కాగితం ఒకటి పరీక్ష గదిలో చేతులు మారిందని ఇద్దరు విద్యార్థులు ఆయనకు చెప్పారు. ఆ తొమ్మిది మంది ఆ ఒక్క ప్రశ్న విషయంలో కాపీ చేశారనీ, అయితే వారికి విషయం పూర్తిగా వచ్చుననీ, కాపీ అవసరమే లేదనీ మాథ్యూస్ నిర్ధారణ. ఆ తొమ్మిది మంది రెండవసారి పరీక్ష వ్రాసి ఉత్తీర్ణులైన వారిలో ఉన్నారు.

కనుక ఇ.టి.ఎస్. సందేహం నిరాధారమని గాని, గార్‌ఫీల్డ్ ఫలితం బూటకమని గాని అనడానికి వీలు లేదు. ఈ కథను ప్రశంసించేవారు మొదటి దానిని, విమర్శించేవారు రెండవ దానిని వదిలివేస్తుంటారు.

ఉచ్ఛదశ

వివాదం తరువాత చేరేవారి సంఖ్య తగ్గకపోగా వేగంగా పెరిగింది. 1987లో 73 మంది ఏ.బి.లో, మరొక 12 మంది బి.సి.లో ఉత్తీర్ణులైనారు. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద కలన గణితం ఏ.పి. పరీక్షలో ఉత్తీర్ణులైన మెక్సికన్ అమెరికన్ విద్యార్థులలో నాలుగింట ఒక వంతుకు పైగా ఈ ఒక్క పాఠశాలవారే. దీనిని గార్‌ఫీల్డ్ గొప్పతనానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. మిగిలిన వేలాది పాఠశాలలు ఈ పిల్లలకు ఏమి చేశాయన్న ప్రశ్న కూడా ఈ అంకెలోనే ఉన్నది. 1990 నాటికి బీజగణితం నుండి కలన గణితం వరకు ఎస్కలాంటె కార్యక్రమంలో 400 మందికి పైగా విద్యార్థులు ఉన్నారు. 1991లో అన్ని పాఠ్యాంశాలలో కలిపి ఏ.పి. పరీక్షలకు హాజరైన గార్‌ఫీల్డ్ విద్యార్థుల సంఖ్య 570కి చేరింది.

క్షీణత

గ్రాడియాస్ 1987లో డాక్టరేటు పూర్తి చేయడానికి సెలవు మీద వెళ్ళారు. తిరిగి వచ్చిన తరువాత ఆయనను గార్‌ఫీల్డ్‌కు పంపలేదు. ఎస్కలాంటె తరగతులలో ఒక్కొక్కసారి 50 మందికి మించి కూర్చునేవారు. ఉపాధ్యాయ సంఘం ఒప్పందం ప్రకారం తరగతికి 35 మంది పరిమితి ఉన్నందున సంఘం దీనికి అభ్యంతరం తెలిపింది. నియమం విద్యార్థుల మేలు కోసం పెట్టినదే. అయితే అదనంగా చేరగోరిన పిల్లలకు వేరొక సమర్థుడైన ఉపాధ్యాయుని చూపలేనప్పుడు చిక్కు వచ్చింది. 1990లో ఎస్కలాంటె గణిత విభాగాధిపతి పదవిని కోల్పోయారు. సహోపాధ్యాయుల మధ్య రాజకీయాలు, అసూయలు కారణంగా చూపి 1991లో ఆయన, హిమెనెజ్ ఇద్దరూ పాఠశాలను విడిచివెళ్ళారు.

కలన గణితంలో ఉత్తీర్ణుల సంఖ్య అక్కడి నుండి పడిపోయింది. 1996లో ఏ.బి.లో ఏడుగురు, బి.సి.లో నలుగురు, మొత్తం 11 మంది మాత్రమే ఉత్తీర్ణులైనారు. తొమ్మిదేళ్ళ క్రితం ఆ సంఖ్య 85. పిల్లలు అదే పేటవారు, బడి అదే భవనం, పరీక్ష అదే. మారినవి క్రింది తరగతుల నుండి పైకి తెచ్చే ఏర్పాటు, దానిని నడిపిన మనుషులు, వారికి అండగా నిలిచిన ప్రధానోపాధ్యాయుడు. ఎస్కలాంటె శాక్రమెంటోలోని హైరం జాన్సన్ ఉన్నత పాఠశాలలో చేరి 1998 వరకు బోధించారు. అక్కడ గార్‌ఫీల్డ్ స్థాయి ఫలితాలు రాలేదు.

చలనచిత్రం, తదనంతరం

రమోన్ మెనెండెజ్ దర్శకత్వంలో వచ్చిన 'స్టాండ్ అండ్ డెలివర్'లో ఎస్కలాంటె పాత్ర ధరించిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ ఉత్తమ నటుని ఆస్కార్ పురస్కారానికి పరిశీలనకు ఎంపికైనారు. 2011లో ఈ చిత్రాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు. సినిమాలో భిన్నాల లెక్కలే రాని పిల్లలు కొద్ది కాలంలోనే కలన గణితంలో ఆరితేరినట్లు కనిపిస్తుంది. వాస్తవంలో ఆ స్థాయికి చేరడానికి అవసరమైన తరగతులను ఏర్పరచడానికే సంవత్సరాలు పట్టాయి. గ్రాడియాస్, హిమెనెజ్‌ల కృషి తెరపై దాదాపు కనిపించదు. పాఠ్య ప్రణాళికలో, తరగతుల ఏర్పాటులో ఏ మార్పూ లేకుండా ఒక ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడు చాలునన్న అపోహ ఈ చిత్రం వలన వ్యాపించిందని కొందరు విద్యావేత్తల విమర్శ. చిత్రంలో తొంభై పాళ్ళు నిజం, పది పాళ్ళు నాటకం అని ఎస్కలాంటె చెబుతుండేవారు.

ఎస్కలాంటె 2010 మార్చి 30న కాన్సరుతో కాలిఫోర్నియాలోని రోజ్‌విల్‌లో మరణించారు. 2016లో అమెరికా తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఆ బిళ్ళపై ఆయన వెనుక కనిపించేది లెక్కలు వ్రాసి ఉన్న నల్లబల్ల.